మునగాకు వండే ఫ్రాన్స్

ఫ్రాన్స్‌కు ఇప్పుడు 18 ప్రాంతాలు. 13 యూరప్‌లో ఉన్నాయి, మిగిలిన 5 సముద్రాల అవతల ఉన్నాయి. ఫ్రెంచి వంట అనేది ఒకటి ఉందనుకుంటాం గానీ, ఉన్నవి ప్రాంతాల వంటలే. బ్రిటనీలో అన్నిటికీ వెన్న కావాలి, ప్రొవాన్స్‌లో ఆలివ్ నూనె కావాలి. తూలూజ్ వైపు తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం కలిపి మట్టిపాత్రలో గంటల తరబడి ఉడికిస్తారు. అల్సాస్‌లో చలికాలమంతా ఊరబెట్టిన క్యాబేజీ. ఎక్కడ ఏ పంట పండితే అక్కడ ఆ వంట. ఈ వరసలో మనవాళ్ల చూపు పడని ప్రాంతం ఒకటి హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ పూట పూటా అన్నమే. మునగాకు కట్టలు కట్టి అమ్ముతారు. రాతి రోట్లో పచ్చడి నూరుకుంటారు. జేబులో యూరోలు, బడిలో ఫ్రెంచి, తపాలా పెట్టె పసుపుపచ్చన. దాని పేరు రీయూనియన్.

మా అమ్మాయి తుపానుల మీద పరిశోధన చేస్తుంది. నైరుతి హిందూ మహాసముద్రంలో పుట్టే తుపానులకు హెచ్చరికలు ఇచ్చే ఫ్రెంచి వాతావరణ కేంద్రం రీయూనియన్ ముఖ్యపట్టణం సాన్ దెనీలో ఉంది. అక్కడ పని దొరికాక, "కొన్ని నెలలు వచ్చి ఉండమ్మా, చలికాలం బాగుంటుంది" అని పిలిచింది. హిమాయత్‌నగర్ ఇంటికి తాళం వేసి బయల్దేరాను. శంషాబాద్ నుంచి ముంబై, అక్కడి నుంచి మారిషస్, మారిషస్ నుంచి ముప్పావుగంట గాలిలో ఉంటే రీయూనియన్. విమానాశ్రయానికి రోలాండ్ గారోస్ పేరు పెట్టారు. టెన్నిస్ పోటీల వల్ల మనకు తెలిసిన ఆ పేరు, 1888లో సాన్ దెనీలో పుట్టిన విమాన చోదకుడిది. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకున్నాను. ఇక్కడ మనకు ఉక్కపోసే రోజులు, అక్కడ కొండల మీద స్వెట్టర్లు తీసే రోజులు.

పెట్టె కట్టేటప్పుడు బంధువులందరిదీ ఒకటే సలహా. చిక్కడపల్లి మార్కెట్ సగం మూటగట్టుకుని వెళ్లమన్నారు. పారిస్ వెళ్లినా, డల్లాస్ వెళ్లినా మనవాళ్ల పద్ధతి అదే. పదేళ్లున్నా పక్కింటివాళ్లు ఏం వండుకుంటారో తెలియకుండానే వచ్చేస్తారు. ఇది నాకు మొదటి నుంచీ నచ్చదు. పరాయి ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ ఊరి సంతలో కొనాలి, ఆ ఊరి పొయ్యి మీద వండాలి, ఆ ఊరివాళ్లు తిన్న వేళకు తినాలి. అప్పుడే ఆ ఊరు మనతో మాట్లాడుతుంది. అందుకని కాస్త ఆవకాయ, కాస్త ఇంగువ తప్ప ఏమీ తీసుకెళ్లలేదు.

తీసుకెళ్లే అవసరమూ లేదని సాన్ పాల్ సంతలో తెలిసింది. సాన్ పాల్ పడమటి తీరంలో ఉంది. సముద్రపు గట్టున శుక్రవారం రోజంతా, శనివారం పొద్దున సంత జరుగుతుంది. ఒక పక్క గొడుగుల కింద ఫ్రాన్స్ నుంచి వచ్చిన మేక పాల జున్నులు, పొడుగు రొట్టెలు. ఆ పక్కనే కాకరకాయలు, పొట్లకాయలు, మునక్కాడలు, కరివేపాకు రెమ్మలు, పచ్చి పసుపు కొమ్ములు. ఇంకో బల్ల మీద లేత పనసకాయను ఇద్దరు ఆడవాళ్లు చేతులకు నూనె రాసుకుని కత్తులతో సన్నగా కొడుతున్నారు. పనసపొట్టు! గోదావరి జిల్లాల పెళ్లి వంటల్లో తప్ప నేను ఎక్కడా చూడని ఆ కొట్టుడు, ఫ్రెంచి జెండా ఎగురుతున్న ఊరి సంతలో జరుగుతోంది. వాళ్లు దాన్ని తి జాక్ అంటారు. ఆవపెట్టి వండరు. పొగ పట్టించిన పంది మాంసంతో కలిపి వండుతారు. మాంసం లేకుండా వండినది అడిగి తిన్నాను. పసుపు, వెల్లుల్లి, థైమ్ ఆకు వేసిన పనసపొట్టు కూర అది. థైమ్ వాసన మన వాముకు దగ్గర. చింతపండు, ఆవ లేని లోటు తెలుస్తూనే ఉంది, అయినా బాగుంది.

అక్కడి వంట నాకు నేర్పింది మా కింది వాటాలో ఉండే పెద్దావిడ. ఆవిడది సాన్ ఆంద్రే వైపు, చెరకు తోటల ఊరు. పొడుగు రొట్టె, వెన్న, కాఫీతో పొద్దున్న గడుస్తుంది. పదకొండు గంటలకల్లా మార్మిత్ పొయ్యెక్కాలి. మార్మిత్ అంటే అడుగు మందం గిన్నె. ఉన్న ఇంట్లో అది తల్లి నుంచి కూతురికి వస్తుంది. దాని పక్కన పిలోన్ ఉంటుంది, అగ్నిపర్వతపు నల్లరాయితో చేసిన చిన్న రోలు, రోకలి. అల్లం, వెల్లుల్లి, ఉప్పు అందులో నూరుకోవలసిందే. ఆవిడ ఇంట్లో మిక్సీ ఉంది, కానీ దీనికి వాడదు.

కరీ అని వాళ్లు పిలిచే వంట మన కూర కాదు. ధనియాల పొడి లేదు, జీలకర్ర లేదు, కొబ్బరి లేదు. కోడి ముక్కల్ని ముందు నూనెలో బాగా ఎర్రబడేదాకా వేయిస్తారు. అడుగు అంటుతుందా అన్నంతవరకూ ఉంచి, చెంచాడు నీళ్లు చల్లి, ఆ అడుగు గీకి మళ్లీ వేయిస్తారు. కూరకు రంగూ రుచీ అక్కడే వస్తాయి. తర్వాత ఉల్లిపాయ, నూరిన అల్లం వెల్లుల్లి, పసుపు, థైమ్ రెమ్మ, చివరికి టమాటా. అంతే. మసాలా తక్కువ, నిలబడి చూసుకునే ఓపిక ఎక్కువ. "తొందరపడితే నీళ్ల కూర అవుతుంది మదామ్" అని ఆవిడ అన్నదని మా అమ్మాయి నాకు చెప్పింది. ధనియాలు, మెంతులు, ఆవాలు, మిరియాలు వేయించి కొట్టే పొడి వేరే ఉంది. దాన్ని మసాలే అంటారు. అది మేక మాంసానికి, పండగ వంటకు, గుడి మొక్కు తీర్చిన రోజుకు. అందులో మాత్రం కరివేపాకు పడాలి.

పళ్లెంలో వడ్డనకు ఒక వరస ఉంది. ముందు అన్నం. దాని మీద గ్రెన్, అంటే రాజ్మాలాంటి ఎర్ర చిక్కుడు గింజలో, మసూర్ గింజలో చిక్కగా ఉడికించినవి. పక్కన కరీ. ఇంకో పక్క బ్రెద్, అంటే ఆకుకూర. మునగాకు, బెంగళూరు వంకాయ తీగ చిగుళ్లు, తోటకూర, ఏదో ఒకటి రోజూ ఉండాలి. చివర్లో రుగాయ్, అంటే పచ్చడి. అన్నం, పప్పు, కూర, ఆకు, రోటి పచ్చడి. మా పుట్టింటి వడ్డనలో దీనికి మించి ఏముంది? రుగాయ్‌లలో కాల్చిన వంకాయది ఉంది, పచ్చి మామిడిది ఉంది, వేయించిన వేరుశనగ గుళ్లు పచ్చిమిర్చితో నూరింది ఉంది. టమాటాది పచ్చిగానే నూరి, కొంబావా అనే గరుకు తోలు నిమ్మకాయ చెక్కు కాస్త తురిమి వేస్తారు. ఆ వాసన మన దగ్గర లేదు. దానికోసమే ఒక చెట్టు పెంచుకోవచ్చు అనిపించింది.

ఇవన్నీ చూసి దీవి వంటంతా మన వంటేనని ఎవరైనా అంటే ఒప్పుకోను. 17వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు స్థిరపడేదాకా అక్కడ మనిషి లేడు. మడగాస్కర్ నుంచి, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, తమిళులు, చైనావాళ్లు, గుజరాతీ ముస్లిం వర్తకులు అందరూ కలిసి వేసిన పోపు అది. సమోసా గుజరాతీలది. మన దేశపు వాటాలో తమిళులదే పెద్ద చెయ్యి. వెన్న, జున్ను, పొయ్యి లోపల కాల్చే పద్ధతి ఫ్రాన్స్‌ది. ఆ కలయిక ఎంత బాగా కుదిరిందో తెలియాలంటే బెంగళూరు వంకాయ తినాలి.

దీవి మధ్యలో సిర్క్ అని పిలిచే మూడు పెద్ద కొండ గిన్నెలున్నాయి. సలాజీ, సిలావోస్, మఫాత్. మఫాత్‌కు ఇప్పటికీ రోడ్డు లేదు, నడిచి వెళ్లాలి, లేదా హెలికాప్టర్. సిలావోస్‌కు వెళ్లే కొండ దారికి 400 మలుపులని చెప్పుకుంటారు. అక్కడి మెట్ల చేలల్లో పండే చిన్న మసూర్ గింజలు దిగుమతి గింజల కంటే చాలా ఖరీదు, అయినా ఆ గింజల కోసమే జనం కొండెక్కి వస్తారు. సలాజీ మాత్రం వాన దేశం. సాన్ ఆంద్రే దాటి లోయలోకి తిరిగామో లేదో రెండు పక్కలా జలపాతాలు, వాటి కింద పందిళ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు అన్నిటి మీదా బెంగళూరు వంకాయ తీగే. వాళ్లు షూషూ అంటారు. కాయ తింటారు, చిగురు తింటారు, ఎండిన తీగ నారతో టోపీలు, బుట్టలు అల్లుతారు.

ఎల్-బూర్గ్ అనే ఊళ్లో ఒక చిన్న భోజనశాలలో షూషూ గ్రాతాన్ పెట్టారు. చికెన్ పక్కన, పప్పు పక్కన, వేడి వేడిగా. ఆ ఇంటావిడను అడిగితే లోపలికి రమ్మని చూపించింది. కాయల్ని తొక్క తీసి, ఉప్పు నీళ్లలో ఉడికించి, నీళ్లన్నీ పిండెయ్యాలి. ఇక్కడ బద్ధకిస్తే వంట చెడుతుంది, ఎందుకంటే ఆ కాయంతా నీరే. వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలిపితే బెషామెల్ అవుతుంది. అందులో జాజికాయ గీకి, మిరియాల పొడి వేసి, ఉడికిన కాయతో కలిపి, పైన జున్ను తురిమి, పైభాగం ఎర్రబడేదాకా ఓవెన్‌లో పెట్టాలి. మన ఇళ్లల్లో బెంగళూరు వంకాయకు ఏనాడూ గౌరవం లేదు. ఇంకేమీ దొరకనప్పుడు పప్పులో వేస్తాం. ఫ్రెంచి పద్ధతి దానికి ఒక హోదా ఇచ్చింది. ఒక ప్రాంతపు వంట ఎదగడం అంటే ఇదే. ఉన్న కాయను వదలకుండా, వచ్చిన పద్ధతిని వాడుకోవడం.

అగ్నిపర్వతం కూడా చూశాను. పితోన్ ద లా ఫుర్నేజ్ తరచుగా పేలుతుంటుంది, లావా పారి గడ్డకట్టిన నల్ల నేల మీద నడవొచ్చు. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

మా పుట్టిల్లు తాళ్లరేవు దగ్గర, యానాంకు కూతవేటు దూరం. పెళ్లయ్యాక హిమాయత్‌నగర్ వచ్చాను. యానాం 1954 నవంబర్ 1న ఫ్రెంచివాళ్ల చేతి నుంచి మన పాలనలోకి వచ్చింది, చట్ట ప్రకారం బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది. చిన్నప్పుడు మాకు యానాం అంటే మంగళవారం సంత. ఆ ఊరికీ రీయూనియన్‌కూ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. దీవికి ఒప్పందం మీద వచ్చిన మొట్టమొదటి భారతీయ కూలీలు యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లు. ఏడాది 1828. అప్పటికి దీవి పేరు బూర్బోన్. ఫ్రెంచి కాగితాల్లో వాళ్లను తెలింగాలని రాశారు. బానిసల్ని పెట్టుకునే చెరకు తోటలు పెరుగుతున్నాయి, బానిసల వ్యాపారం మీద నిషేధం ఉంది, చేతులు చాలడం లేదు. అందుకని గోదావరి ఒడ్డు మీద కన్ను పడింది. ఆ తొలి ప్రయత్నం ఎన్నాళ్లో సాగలేదు. 1848 డిసెంబర్ 20న దీవిలో బానిసత్వం రద్దయ్యాక మళ్లీ ఓడలు కదిలాయి. 1860లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందం చేసుకున్నాక మద్రాసు, కలకత్తా రేవుల నుంచి కూడా మనుషుల్ని పంపారు. దీవిలో వాళ్ల బతుకు చూసి 1882లో బ్రిటిష్ వాళ్లు ఆ పంపకం ఆపేశారు.

సాన్ దెనీకి పడమరగా, కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకు లోయలో గ్రాండ్ షలూప్ అనే చోటు ఉంది. 1860ల్లో కట్టిన లజారే అక్కడుంది. ఓడ దిగిన కూలీలను ఊళ్లోకి పోనివ్వకుండా, మశూచి, కలరా లేవని తేలేదాకా ఉంచిన పొడుగాటి రాతి కొట్టాలు అవి. ఇప్పుడు ఒక భాగాన్ని బాగుచేసి ప్రదర్శనశాల చేశారు. లోపల గోడలు మందం, కిటికీలు ఎత్తున. చుట్టూ కూలీలతో పాటు వచ్చిన మొక్కలు నాటారు. అయిదేళ్ల ఒప్పందం, నెల జీతం, దాంతో పాటు బియ్యం, గింజలు, ఎండు చేప, ఉప్పు. ఆ రేషన్ సరుకుల పేర్లు చదువుతుంటే నాకు కింది వాటా ఆవిడ పళ్లెం గుర్తొచ్చింది. అన్నం, గింజలు, ఎండు చేపల రుగాయ్. అప్పుడు యజమాని లెక్కగట్టి కొలిచిన తిండే ఇప్పుడు దీవి మొత్తం గర్వంగా తినే తిండి అయింది. తెల్లవాళ్లు తింటున్నారు, చైనావాళ్లు తింటున్నారు, పారిస్ నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు తింటున్నారు. బియ్యం దీవిలో పండదనే చెప్పాలి, అంతా ఓడలో రావాల్సిందే. అయినా ఎవరూ అన్నం మానలేదు.

మరి తెలుగు ఏమైంది? మారిషస్ పక్కనే ఉంది. అక్కడికి కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్ల మునిమనవలు ఈనాటికీ బడిలో తెలుగు చదువుకుంటున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. రీయూనియన్‌లో తెలుగు మాట ఒక్కటీ నాకు వినపడలేదు. మారిషస్‌ను ఏలిన బ్రిటిష్ వాళ్లు ఎవరి భాష, ఎవరి గుడి వాళ్లకు వదిలేశారు. ఫ్రెంచివాళ్లు అందర్నీ ఒకే బడిలో, ఒకే భాషలో, ఒకే చర్చి కింద కూర్చోబెట్టారు. 1946లో దీవి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా అయ్యాక ఆ పట్టు ఇంకా బిగిసింది. తర్వాతి కాలంలో తమిళులు గుళ్లను, పండగలను మళ్లీ పైకి తెచ్చుకున్నారు. సాన్ ఆంద్రేలో దీపావళి ఊరేగింపు జరుగుతుంది, ద్రౌపదమ్మ పేరు మీద నిప్పులు తొక్కుతారు, దీక్షలో ఉన్నన్నాళ్లూ నీచు ముట్టరు, అరటాకులో భోజనం పెడతారు. తెలుగువాళ్లు సంఖ్యలో తక్కువ, వాళ్లలోనే కలిసిపోయారు. అందుకు తమిళుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కలిసి బతికితేనే ఏదో ఒకటి నిలిచింది.

అక్కడి వానాకాలం మొదలయ్యాక ఒక రోజు తూర్పు తీరంలో రివియేర్ దె రోష్ అనే నది మొగ దగ్గరికి మా అమ్మాయి తీసుకెళ్లింది. నది సముద్రంలో కలిసే చోట రాళ్లతో కాలవలు కట్టారు. వాటి చివర గరాటు ఆకారంలో అల్లిన బుట్టలు పెట్టి, నీళ్లలో నిలబడి మనుషులు ఎదురు చూస్తున్నారు. సముద్రంలోంచి నదిలోకి ఎక్కే వెంట్రుకలాంటి చేప పిల్లల కోసం. బిషిక్ అంటారు. అమావాస్య ముందూ వెనకా వస్తాయి, వచ్చిన రోజు రోడ్డు పక్కన గిన్నెల్లో పోసి అమ్ముతారు, కిలో ధర చూస్తే గుండె ఆగుతుంది. జనం అయినా కార్లు ఆపి కొంటారు.

నేను కదల్లేకపోయాను. యానాంలో దసరా వెళ్లి తూర్పు గాలి తిరిగితే గోదావరి మొగలో చీరమీను పడుతుంది. చీరలు వలలుగా పట్టి దేవుతారు కాబట్టి ఆ పేరు. శేర్ల లెక్కన వేలం, బకెట్టు వేలకు వేలు, పుట్టింటికి కబురు, కాకినాడ నుంచి కార్లు, హైదరాబాద్‌కు డబ్బాల్లో ఐసు పెట్టి పంపడం. అదే నది మొగ, అదే రుతువు తిరిగే వేళ, అదే పిచ్చి. 1828లో ఓడ దిగిన తెలుగువాడు ఎప్పుడైనా ఈ తీరానికి వచ్చి ఉంటే, ఆ నీళ్లలో నిలబడ్డ మనిషి ఏం చేస్తున్నాడో ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసి ఉంటుంది.

ఒక చిన్న గిన్నెడు కొన్నాం. కింది వాటా ఆవిడే వండింది. టమాటాలు ఎక్కువ, అల్లం వెల్లుల్లి బాగా, పసుపు, పచ్చిమిర్చి, నూనె పైకి తేలేదాకా సన్న సెగ. నేను మా అమ్మ చింతచిగురుతో వండే చీరమీను గురించి చెప్పాను. ఆవిడ చాలాసేపు ప్రశ్నలు వేసింది. ఏ నెలలో వస్తాయి, ఇసుక ఎలా పోగొడతారు, తల తీస్తారా. రెండు చోట్లా ఇప్పుడు బాధ కూడా ఒకటే. పట్టుడు ఎక్కువైంది, పడేది తగ్గింది. ధర పెరిగేకొద్దీ ఇంకా పడుతున్నారు. చేప పిల్లల్ని కొంత నదిలోకి పోనివ్వకపోతే ఈ రెండు వంటలూ మన మనవలు పుస్తకంలోనే చదువుతారు.

ఆదివారాల గురించి చెప్పకపోతే దీవి గురించి చెప్పినట్టు కాదు. తెల్లారేసరికి కుటుంబాలకు కుటుంబాలు మార్మిత్‌లు, బియ్యం, కట్టెలు వేసుకుని సముద్రపు ఒడ్డున సరుగుడు చెట్ల కిందికి చేరతాయి. మూడు రాళ్లు పెట్టి అక్కడే వండుతారు. నాయనమ్మ దగ్గర్నుంచి చంటిపిల్లదాకా అందరూ వస్తారు. పక్క కుటుంబం గిన్నెలోంచి మన పళ్లెంలోకి ఏదో ఒకటి వస్తుంది. మాకు అలా వచ్చినవి బోంబోన్ పిమాన్‌లు. నానబెట్టిన పెద్ద చిక్కుడు గింజల తొక్క తీసి, పచ్చిమిర్చి, ఉల్లికాడలతో రుబ్బి, మధ్యలో చిల్లు పెట్టి నూనెలో వేయించినవి. చూడగానే గారెలే. వాటిని వెన్న రాసిన పొడుగు రొట్టెలో పెట్టుకుని తింటారు. తిని చూస్తే గానీ ఆ జోడీ ఎంత బాగుంటుందో నమ్మలేం.

వెనీలా గురించి కూడా ఒక మాట. మెక్సికో నుంచి తెచ్చిన ఆ తీగ దీవిలో పూసేది గానీ కాయ కాసేది కాదు, పరాగం మోసే తేనెటీగ అక్కడ లేదు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు సన్న పుల్లతో, బొటనవేలితో పువ్వు లోపలి పొర తీసి పరాగం అంటించే పద్ధతి కనిపెట్టాడు. ప్రపంచంలో వెనీలా తోటలన్నీ నేటికీ ఆ చేతి పనితోనే కాస్తున్నాయి. ఆ పిల్లవాడు పెరిగి, 1880లో పేదరికంలో పోయాడు. ఆ దీవి రుచుల్లో గొప్పవన్నీ పేరు దక్కని చేతుల నుంచే వచ్చాయి.

తిరిగి వచ్చాక హిమాయత్‌నగర్ వంటింట్లో ఈ వంటలు చేస్తున్నాను. బెంగళూరు వంకాయలు చిక్కడపల్లి మార్కెట్లో ఎప్పుడూ ఉంటాయి, ఎవరూ పెద్దగా అడగరు కాబట్టి లేతవి ఏరుకోవచ్చు. ఎండు థైమ్ సీసాల్లో దొరుకుతుంది. కొంబావా బదులు నిమ్మ తొక్క తురిమితే పూర్తిగా కాదు గానీ పని జరుగుతుంది. షూషూ గ్రాతాన్ తిన్న మా అపార్ట్‌మెంట్ పిల్లలు అది ఏ కాయో చెప్పలేకపోయారు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే మా తమ్ముడి కొడుకు, కర్రీ పాయింట్ల మీద బతికేవాడు, ఆదివారం వచ్చి వేరుశనగ రుగాయ్‌తో రెండు సార్లు అన్నం కలుపుకుంటాడు. సాన్ దెనీలో కూడా మధ్యాహ్నం ఆఫీసుల వేళకు రోడ్డు పక్క బండ్లలో అన్నం, గింజలు, కరీ డబ్బాలో పెట్టి ఇస్తారు. వాడికి ఆ సంగతి చెబితే, "అత్తా, అయితే అక్కడ కూడా మనం బతికేయొచ్చు" అన్నాడు. అవును, బతికేయొచ్చు. బతికారు కూడా.

మా ఇంటికి దగ్గర్లోనే గన్‌ఫౌండ్రీ. 1786లో అక్కడ నిజాం సైన్యానికి ఫిరంగులు పోయించిన రేమండ్ ఫ్రెంచివాడు. 1798లో పోతే ఆస్మాన్‌గఢ్ కొండ మీద అతనికి సమాధి, స్తంభం కట్టారు. హైదరాబాద్ చరిత్ర చెప్పేవాళ్లు అతన్ని మర్చిపోరు. మన దేశానికి వచ్చిన ఫ్రెంచివాడిని గుర్తు పెట్టుకున్నాం. ఫ్రాన్స్ దీవికి వెళ్లిన మన కూలీల్ని మాత్రం మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదు. ఆ కూలీల రిజిస్టర్లు రీయూనియన్ జిల్లా దస్తావేజుల భవనంలో ఉన్నాయి. ఫ్రెంచి చదవగల తెలుగు విద్యార్థులు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ, యానాంలోనూ, పుదుచ్చేరిలోనూ ఉన్నారు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వాళ్లలో కొందరినైనా అక్కడికి పంపి, యానాం నుంచి వెళ్లినవాళ్ల పేర్లు, ఊళ్లు తెలుగులో అచ్చు వేయించాలి. యానాంలో ఫ్రెంచి పాలన గుర్తుగా ఇన్ని కట్టడాలు నిలబెట్టుకున్నాం, ఓడెక్కినవాళ్ల పేర్లతో గోదావరి గట్టున ఒక పలక కూడా నిలబెట్టాలి.

చదివేవాళ్లను అడిగేది ఇంకా చిన్నది. ఈసారి మార్కెట్‌కు వెళ్లినప్పుడు రెండు బెంగళూరు వంకాయలు తెచ్చుకోండి. ఉడికించాక నీళ్లు గట్టిగా పిండండి, జాజికాయ మర్చిపోకండి.